వార్డులో నాలుగు నిమిషాలు: హెచ్‌ఐవీ ఫలితం చెప్పడం ఒక పీజీకి ఎలా నేర్పాం

ఈ కేసులో ఒక పేషెంటు ఉన్నాడు, ఆయనకు జబ్బు సంగతి చెప్పిన ఒక పీజీ డాక్టరు ఉంది. నేను ఎక్కువగా రాసేది డాక్టరు గురించి. ఇద్దరి అనుమతీ తీసుకున్నాను. వయసు, వృత్తి, కుటుంబ వివరాలు గుర్తుపట్టలేనంతగా మార్చాను. వాళ్ళ మాటలు మాత్రం మార్చలేదు. మేం నేర్చుకున్నదంతా ఆ మాటల్లోనే ఉంది.

నేపథ్యం

కోస్తాలోని ఒక బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ విభాగంలో పనిచేస్తాను. దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. మా వార్డులో కొత్త కేసు కనపడని నెల లేదు. పద్ధతి ప్రకారం అయితే పేషెంటు ఐసీటీసీకి (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రానికి) వెళ్తాడు, పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలర్ మాట్లాడతారు, ఫలితం అక్కడే చెబుతారు. కానీ మంచం దిగలేని మనిషి ఐసీటీసీ దాకా నడవలేడు. రిపోర్టు సాయంత్రం వస్తే కౌన్సెలర్ డ్యూటీ అయిపోయి ఉంటుంది. అలాంటప్పుడు చెప్పే పని పీజీ మీద పడుతుంది. ఎలా చెప్పాలో ఆ పీజీకి ఎవరూ నేర్పి ఉండరు.

నాకూ ఎవరూ నేర్పలేదు. నేను పీజీ చేసే రోజుల్లో మందు లేదు, ఉన్నా మా వార్డుకు వచ్చేవాళ్ళు కొనగలిగేది కాదు. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణిచి ఉంచే మందులు) ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. అంతకుముందు మా చీఫ్‌లు బంధువుని వరండాలోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పేవారు. పేషెంటుకు అందరికంటే చివర తెలిసేది. చేతిలో ఇవ్వడానికేమీ లేనప్పుడు మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడడం కష్టం, ఆ కష్టం నాకు తెలుసు. తర్వాత మందు వచ్చింది. 2017 నుంచి సీడీ4 (రోగనిరోధక శక్తిని తెలిపే రక్తకణాల లెక్క) ఎంతున్నా సరే, ఫలితం తేలగానే మందు మొదలుపెడుతున్నాం. ఇప్పుడు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒక్క బిళ్ళ, రోజుకు ఒకసారి. వైద్యం ఇంత మారినా చెప్పే తీరు మారలేదు. గొంతు తగ్గించడం, తొందరగా చెప్పేసి తప్పుకోవడం మమ్మల్ని చూసి మా జూనియర్లు నేర్చుకున్నారు, వాళ్ళని చూసి వాళ్ళ జూనియర్లు నేర్చుకుంటున్నారు.

ఏం జరిగింది

నలభైకి దగ్గర్లో ఉన్న ఒక సెంట్రింగ్ మేస్త్రి. నెలన్నరగా జ్వరం, దగ్గు, మనిషి బాగా చిక్కిపోయాడు, నోట్లో తెల్లటి పాచి. ఆ పాచి చూడగానే రెండో ఏడాది పీజీకి అనుమానం వచ్చింది. అనుమానం సరైనదే. మిగతా రక్త పరీక్షలతో పాటు హెచ్‌ఐవీ పరీక్షా రాసింది. అడ్మిషన్ రోజు పెట్టించుకున్న సంతకమే దీనికీ సరిపోతుందనుకుంది. సరిపోదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఈ పరీక్షకు విడిగా, విషయం వివరించి అనుమతి తీసుకోవాలి. చట్టం సంగతి అలా ఉంచినా, ముందు మాట్లాడకపోవడం వల్ల ఆ మనిషికి ఇలాంటి పరీక్ష ఒకటి జరుగుతోందనే తెలియదు.

మూడు వేర్వేరు కిట్లతోనూ రియాక్టివ్, అంటే హెచ్‌ఐవీ ఉందనే వచ్చింది. సాయంత్రం రౌండ్స్‌లో పీజీ ఆయన మంచం దగ్గరికి వెళ్ళింది. భార్య టీ తేవడానికి కిందికి వెళ్ళింది కాబట్టి ఇదే మంచి సమయం అనుకుంది. పక్క మంచానికీ ఈ మంచానికీ మధ్య రెండడుగుల సందు. అక్కడే నిలబడి, గొంతు తగ్గించి, నాలుగు నిమిషాలు మాట్లాడింది. హెచ్‌ఐవీ ఉందని, అది ఎయిడ్స్ కాదని, సీడీ4 అంటే ఏమిటో, టీబీ ఎందుకు వస్తుందో, మందు జీవితాంతం ఎందుకు వాడాలో, భార్యకు పరీక్ష ఎందుకు చేయాలో, అన్నీ చెప్పింది. ఆయన ప్రతి మాటకూ “అలాగేనమ్మా” అన్నాడు. అర్థమైందా అని అడిగితే “అర్థమైందమ్మా” అన్నాడు.

పొద్దున మంచం ఖాళీ. సెలైన్ సూది తనే పీకేసుకుని, దూది ముక్కలో చుట్టి, కేస్ షీట్ మీద జాగ్రత్తగా పెట్టి వెళ్ళాడు. మంచం కింద స్టీలు క్యారేజీ ఉండిపోయింది. అడుగు గిన్నెలో ముందు రోజు అన్నం అలాగే ఉంది.

పీజీని పిలిచి మాట్లాడాను. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని ఒకటే మాట అంది: “సార్, నేను ఒక్క పాయింటు కూడా వదల్లేదు.”

నిజమే, ఒక్కటీ వదల్లేదు.

ఆయన్ని వెనక్కి తెచ్చుకోవడం

కేస్ షీట్‌లో రెండు ఫోన్ నంబర్లున్నాయి, ఒకటి ఆయనది, ఒకటి భార్యది. కౌన్సెలర్ ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తి, ఎవరో తెలియగానే పెట్టేశాడు. భార్యకు చేద్దామని పీజీ అంది. వద్దన్నాను. ఐసీటీసీ నుంచి భార్యకు ఫోన్ వెళ్ళడమంటే విషయం చెప్పేసినట్టే. భాగస్వామికి మనంతట మనం చెప్పడానికి చట్టం కొన్ని మెట్లు పెట్టింది. ముందు ఆయన్నే చెప్పమని కౌన్సెలింగ్ చేసి ఉండాలి, ఆయన చెప్పడని మనకు నమ్మకం కుదరాలి, మేం చెప్పబోతున్నామని ఆయనకు తెలియజేయాలి, ఆ తర్వాత భాగస్వామికి ముఖాముఖిగా, కౌన్సెలింగ్ చేసి చెప్పాలి. మేం మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

ఈలోగా కఫం పరీక్షలో టీబీ తేలింది. అప్పుడు కౌన్సెలర్ మళ్ళీ ఫోన్ చేసి టీబీ గురించి మాత్రమే మాట్లాడారు: “మీ కఫం రిపోర్టు వచ్చింది. నయమయ్యే జబ్బే. మందు ఇక్కడ రెడీగా ఉంది.” ఇందులో అబద్ధం లేదు. టీబీ అనే మాట ఆయన వినగలడు, పక్కన ఎవరున్నా మాట్లాడగలడు. పదిహేడో రోజున వచ్చాడు, ఆయాసంతో.

కొంచెం తేరుకున్నాక ఆ సాయంత్రం గురించి అడిగాను. ఆయన చెప్పింది యథాతథంగా రాస్తున్నాను: “అమ్మ చాలా చెప్పింది సార్. నాకు రెండే వినపడ్డాయి. హెచ్‌ఐవీ అనీ, మీ ఆవిడ అనీ. అయినా అమ్మ చెప్పకముందే తెలుసు. రోజూ ఉత్త చేత్తో నాడి చూసేది, ఆ రోజు గ్లవ్స్ వేసుకుని వచ్చింది. మధ్యాహ్నం నా మంచానికి ఎర్ర స్టిక్కర్ వేశారు. పక్క మంచం పెద్దావిడ స్టూలు అవతలికి లాక్కుంది.”

మరో మాట కూడా అన్నాడు: “కరోనా అప్పుడు పాజిటివ్ వచ్చినోళ్ళకి పద్నాలుగు రోజులకి నెగటివ్ వచ్చేసింది గదా. దీనికీ అంతే అనుకుని ఇంటికాడ పడుకున్నాను.” పాజిటివ్ అంటే మంచిదే అనుకునే పేషెంట్లను పాతికేళ్ళుగా చూస్తున్నాను. ఈ కొత్త అపార్థం నాకు తట్టనే లేదు.

ఆయన మాటలు విన్నాక నాకు రెండు విషయాలు స్పష్టమయ్యాయి. పీజీ లోపం పరిజ్ఞానంలో లేదు. రెండోది, డాక్టరు నోరు తెరవకముందే మా వార్డు ఆ మనిషికి విషయం చెప్పేసింది, అదీ చాలా క్రూరంగా.

మొదట చేసినవి, అవి ఎందుకు కుదరలేదు

రెండు విషయాలు స్పష్టమయ్యాయన్నాను కానీ, చేతులు మాత్రం పాత దారిలోనే వెళ్ళాయి. పీజీలు, హౌస్ సర్జన్లందరికీ ఒక గంట క్లాసు పెట్టాను. చెడు వార్త చెప్పడానికి క్యాన్సర్ వైద్యులు 2000లో ప్రచురించిన ఆరు మెట్ల పద్ధతి స్పైక్స్, చట్టం, కిట్ల సంగతి అన్నీ చెప్పాను. చివర్లో ప్రశ్నలిస్తే అందరికీ మంచి మార్కులే వచ్చాయి. తర్వాతి వారం పేషెంటు అనుమతితో ఒక పీజీ పక్కన కూర్చుని విన్నాను. మెట్లన్నీ వరసగా ఎక్కింది, ఒక్క మెట్టు మీద కూడా నిలబడలేదు. ‘మీకేం తెలుసు?’ అని అడిగి, జవాబు సగంలో ఉండగానే తర్వాతి వాక్యం అందుకుంది.

తర్వాత తెలుగులో పది వాక్యాలు రాసి, కోటు జేబులో పట్టే కార్డు చేయించాను. పీజీలు చాలామంది ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులోకి మార్చుకునే క్రమంలో తడబడుతున్నారని, సిద్ధంగా మాటలుంటే తడబాటు పోతుందని నా ఆలోచన. అందులో ఒక వాక్యం: ‘ఇది కూడా షుగర్, బీపీ లాంటిదే, రోజూ మందు వేసుకుంటే చాలు.’ వైద్యపరంగా ఆ మాటలో తప్పులేదు. ఒక పేషెంటు దానికిచ్చిన జవాబు విన్నాక కార్డులన్నీ వెనక్కి తీసేసుకున్నాను. “షుగరొస్తే మా వీధిలో నన్నెవరూ వెలివేయరు గదమ్మా.” ఆ వాక్యం ఎప్పటికైనా పనికొస్తుంది. వారం తర్వాతో, నెల తర్వాతో, పేషెంటే ‘ఎలా బతకాలి’ అని అడిగినప్పుడు. మొదటి నిమిషంలో చెబితే, ‘నీ భయం నాకు పట్టదు’ అన్నట్టు వినపడుతుంది.

పీజీల చేతే పేషెంటు, డాక్టరు వేషాలు వేయించాం. దాంతోనూ పెద్దగా లాభం లేదు. పేషెంటుగా కూర్చున్న పీజీ డాక్టరు అడిగే ప్రశ్నలే అడుగుతుంది. ‘నా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) ఎంత?’ అని మా వార్డులో ఏ పేషెంటూ మొదటిరోజు అడగలేదు.

పనిచేసినవి

ఇక్కడ కొంచెం నిదానంగా రాస్తాను.

మొదట, పీజీని మాట్లాడనివ్వలేదు. ఐసీటీసీలో కౌన్సెలర్ ఫలితం చెబుతుంటే, పేషెంటు ఒప్పుకుంటే, మూలన కూర్చోమన్నాను. నోట్‌బుక్‌లో కౌన్సెలర్ మాటలు రాయకూడదు, పేషెంటు మాటలే రాయాలి. ఇది యూనిట్‌లో కొందరికి నచ్చలేదు. ఎండీ చేస్తున్న డాక్టరు కౌన్సెలర్ దగ్గర నేర్చుకోవడమేమిటన్నారు. ఆ గదిలో పదేళ్ళుగా రోజూ ఈ మాట చెబుతున్నది ఆవిడే, మా అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది ఆవిడే అన్నాను. నాలుగు సిట్టింగుల తర్వాత పీజీ నోట్‌బుక్ చూపించింది. ఫలితం విన్నాక పేషెంట్ల నోట వచ్చిన మొదటి మాటలు: ‘పిల్లలకి పాలిచ్చాను’, ‘మా అమ్మకి చెప్పొద్దు’, ‘రేపు పనిలోకి వెళ్ళొచ్చా’, ‘పెళ్ళి ముహూర్తం పెట్టుకున్నాం’. నాలుగు మాటల్లో ఒక్కదానికి కూడా సీడీ4 జవాబు కాదు. ఆమె తనంతట తనే అంది: “సార్, నేను చెప్పిన నాలుగు నిమిషాల్లో ఆయన అడగాలనుకున్నది లేదు.”

రెండోది, హెచ్‌ఐవీతో చాలా ఏళ్ళుగా బతుకుతూ, పాజిటివ్ నెట్‌వర్క్‌లో (హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ సంఘంలో) పనిచేస్తున్న ఒకావిడను పేషెంటుగా కూర్చోమని అడిగాం. ఈ నిర్ణయానికి ముందు చాలా ఆలోచించాను. ఆవిడ జీవితంలో బహుశా అన్నిటికన్నా చెడ్డ రోజును మళ్ళీ మళ్ళీ నటించమని అడగడం న్యాయమా? ఆవిడతో కౌన్సెలర్ విడిగా మాట్లాడారు. తన కథ చెప్పనని, వేరే మనిషిగా కూర్చుంటానని, ఎప్పుడైనా ఆపేయవచ్చంటే వస్తానని షరతు పెట్టింది. పనికి తగ్గ డబ్బు ఇచ్చాం. వచ్చింది.

మా పీజీ ఆవిడకు ‘ఫలితం’ చెప్పిన తర్వాత ఆవిడ అన్నది ఇది: “నువ్వు బాగా చెప్పావమ్మా. కానీ నాకు చెప్పలేదు, చేతిలో కాగితానికి చెప్పావు.”

ఆ రోజు నుంచి ఒకే ఒక్క అభ్యాసం పెట్టాం. కాగితం బల్ల మీద బోర్లా పెట్టాలి. ఒక వాక్యం చెప్పాలి: ‘మీ రక్తంలో హెచ్‌ఐవీ ఉందని పరీక్షలో తేలింది.’ చెప్పి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగాలి. ఎదుటి మనిషి మాట్లాడేదాకా, లేదా ఏడ్చేదాకా, మనం మాట్లాడకూడదు. మొదటిసారి మా పీజీ మూడు సెకన్లు కూడా ఆగలేకపోయింది. ‘కానీ భయపడకండి’ అనేసింది. ఎందుకన్నావని అడిగితే, చాలాసేపు ఆలోచించి, “ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను సార్” అంది. నాలుగు నిమిషాల ఉపన్యాసం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాటతో తెలిసిపోయింది. అది పేషెంటు కోసం కాదు, డాక్టరు భయం కోసం. అది దాటడానికి ఆమెకు ఆరేడుసార్లు సాధన పట్టింది. ఇంత చిన్న విషయానికా అని చదివేవాళ్ళకు అనిపించవచ్చు. గడియారం చూసుకుని ఇరవై సెకన్లు ఎదుటి మనిషి ముఖం చూస్తూ ఊరుకుని చూడండి.

మూడోది, మొదటిరోజు ఏం చెప్పకూడదో తేల్చుకోవడం. మొదటిరోజుకి మూడే ఉంచాం: ఏమిటో ఒక్క వాక్యంలో, మందు ఉందని ఒక్క వాక్యంలో, రేపు మళ్ళీ నేనే వచ్చి మాట్లాడతానని. ఆ తర్వాత రెండు ప్రశ్నలు: ఈ రాత్రి మీ దగ్గర ఎవరుంటారు? ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఏమైనా వస్తోందా? రెండో ప్రశ్న అడగడానికి జూనియర్లు జంకుతారు, అడిగితే ఆలోచన వస్తుందేమోనని. రాదు. అడిగితే బయటపడుతుంది. రాత్రివేళ మాట్లాడుకోవడానికి జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబరు కాగితం మీద రాసివ్వమన్నాం, దాని మీద హెచ్‌ఐవీ అనే మాట లేకుండా.

భార్య లేదా భర్త పరీక్ష సంగతి రెండో రోజుకు జరపడం మీద మాలో మాకు వాదన జరిగింది. ఆలస్యం చేస్తే వాళ్ళకు ముప్పు కదా అని ఒక సహోద్యోగి అడిగారు. ఆయన ఆందోళన సరైనదే. కానీ వార్డులో ఉన్న మనిషికి ఒక్క రాత్రి ఆలస్యం చేస్తే వచ్చే ముప్పు తక్కువ. ఆ మనిషి పారిపోతే భార్యకు నెలల తరబడి ముప్పు. మేస్త్రి అలాగే వెళ్ళిపోయాడు. అందుకని ఒక మినహాయింపుతో ఒప్పుకున్నాం: భార్య గర్భిణి అయినా, చంటిబిడ్డకు పాలిస్తున్నా, ఆ మాట మొదటిరోజే రావాలి. అక్కడ ప్రతి రోజూ లెక్కే. సకాలంలో మందు వాడితే తల్లి నుంచి బిడ్డకు సోకడం అయిదు శాతం లోపుకి తగ్గుతుంది, వాడకపోతే నూటికి పదిహేను నుంచి నలభై అయిదు మంది బిడ్డలకు సోకవచ్చు.

ఇక వార్డు. మంచాలకు స్టిక్కర్లు వేయడం ఆపించాను. రక్తంతో పని ఉన్నప్పుడు అందరికీ ఒకే జాగ్రత్త, నాడి చూడడానికి ఎవరికీ గ్లవ్స్ అక్కర్లేదు. సిస్టర్లతో ఈ సంగతి మాట్లాడడానికి రెండు నెలలు పట్టింది. వాళ్ళ భయం సూది గుచ్చుకుంటే ఏమవుతుందనే. గుచ్చుకున్నాక 72 గంటల్లోపు, వీలైతే మొదటి రెండు గంటల్లోనే మొదలుపెట్టాల్సిన మందు ఎక్కడుంటుందో, రాత్రి డ్యూటీలో తాళం ఎవరి దగ్గర ఉంటుందో సరిగ్గా చూపించాక భయం చాలావరకు తగ్గింది.

మాట్లాడడానికి మధ్యాహ్నం ఖాళీగా ఉండే ఈసీజీ గది తీసుకున్నాం. మొదట్లో ‘ఈసీజీ తీయాలి రండి’ అని పిలిచేవాళ్ళం. తర్వాత ఒక పేషెంటు, మొదటి మాటే అబద్ధం చెప్పి తీసుకెళ్ళారు, తర్వాత చెప్పింది ఎలా నమ్మను అన్నాడు. మానేశాం. ఇప్పుడు మా యూనిట్‌లో ఎవరితో ఏ ముఖ్యమైన సంగతి మాట్లాడాలన్నా, షుగర్ ఇన్సులిన్ అయినా, లివర్ సంగతైనా, అదే గదికి పిలుస్తాం. కాబట్టి ఆ గదికి వెళ్ళినంత మాత్రాన పక్క మంచం వాళ్ళకు ఏమీ తెలియదు.

మళ్ళీ అదే పీజీ

అయిదో నెలలో, యాభై దాటిన ఒకావిడ నడుం చుట్టూ సర్పి లేచి వచ్చింది. ఈసారి పీజీ పరీక్ష రాయకముందే కూర్చుని మాట్లాడింది: ఏ పరీక్ష, ఎందుకు, వద్దనవచ్చని, ఉందని తేలితే ఏం చేస్తామో. ఆవిడ కాసేపు ఆలోచించి సరేనంది. సగం పని అప్పుడే అయిపోయింది.

ఫలితం చెప్పేటప్పుడు ఆవిడ ఒప్పుకోగా నేను తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాను. కాగితం బోర్లా ఉంది. పీజీ ఒక్క వాక్యం చెప్పి ఆగింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. నాకే ఏదో ఒకటి అనేయాలనిపించింది. పీజీ కదల్లేదు. చివరికి ఆవిడ అంది: “నా మనవడికి నేనే అన్నం కలిపి పెడతానమ్మా. వాడికి మూడేళ్ళు. ఇన్నాళ్ళూ ఈ చేత్తోనే పెట్టాను.”

“అన్నం పెడితే రాదమ్మా. ముద్దు పెట్టుకున్నా రాదు. ఇన్నాళ్ళూ పెట్టినదాని వల్ల వాడికేం కాలేదు. ఇంటికెళ్ళాక కూడా మీరే పెట్టండి.”

ఆవిడ అప్పుడు ఏడ్చింది. పీజీ తన కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంది. మందు గురించి ఆ రోజు ఆవిడే అడిగింది. వారంలోపే మొదలుపెట్టాం.

మేస్త్రి ఇప్పుడు

టీబీ మందు మొదలుపెట్టిన రెండు వారాల్లోపు ఏఆర్‌టీ కూడా మొదలైంది. టీబీ మందులోని రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి, ఆ కోర్సు ఉన్నన్నాళ్ళూ పన్నెండు గంటల తేడాతో మరో డోలుటెగ్రావిర్ బిళ్ళ వేసుకున్నాడు. భార్యకు తనే చెప్పాడు, నాలుగో విజిట్‌లో, కౌన్సెలర్ గదిలో. ఆవిడ పరీక్ష నెగటివ్ వచ్చింది. మూడు నెలలకు మళ్ళీ చేస్తే అప్పుడూ నెగటివే. ఆరు నెలలకు ఆయన రక్తంలో వైరస్ లెక్కకు అందనంత తగ్గింది. ఇలాగే రోజూ మందు వేసుకుంటూ, వైరస్ ఇలాగే అణిగి ఉంటే కలయిక ద్వారా భార్యకు సోకదని పీజీయే చెప్పింది. ఆ సంగతి ఆయన చేత తిరిగి చెప్పించుకుంది కూడా. “అర్థమైందా” అని అడగడం ఆమె మానేసింది. “ఇంటికెళ్ళి మీ ఆవిడకి ఎలా చెబుతారో నాకు చెప్పండి” అంటుంది.

ఇంకా కుదరనిది

2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లోనే ఏట్‌కామ్ (AETCOM) పేరుతో వైద్యుల ప్రవర్తన, నైతికత, మాట్లాడే పద్ధతి పాఠంగా వచ్చాయి. ఆ పిల్లలు పీజీలోకి వచ్చేసరికి కొంత తేడా కనపడుతోంది. కానీ మా ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షలో బయటపడే కేసులు మా దగ్గరికి రావు. థియేటర్ లిస్టులో పేరు చివరికి జరిగిందని తెలిసినప్పుడే ఆ మనిషికి విషయం అర్థమవుతుంది. ఎందుకు జరిగిందని అడిగితే, తలుపు దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెబుతారు. సర్జరీ, ఆర్థో యూనిట్ల చీఫ్‌లతో మాట్లాడాను. ఒకరు ఒప్పుకున్నారు. వచ్చే నెల మొదటి శనివారం వాళ్ళ పీజీలు ఆరుగురు ఈసీజీ గదికి వస్తున్నారు. నెట్‌వర్క్ ఆవిడ వస్తానంది, మా పీజీ ఈసారి పక్కన కూర్చుంటానంది. మేస్త్రిని కూడా అడిగాను. పని లేని రోజైతే వస్తానన్నాడు.